బ్యాండు వాద్య సామగ్రి (ఉత్తరాంధ్ర)

బ్యాండు వాద్య సామగ్రి అనగా పెళ్ళి ఊరేగింపులలోను, గ్రామదేవతల సంబరాలలోను, పాఠశాలల కవాతులలోను వాయించే బ్యాండు మేళపు వాద్యాలకు నిత్యం అవసరమయ్యే వస్తువుల సముదాయం. రీడ్లు, మౌత్‌పీసులు, వాల్వు నూనె, ప్యాడ్లు, డ్రమ్ము మూతలు, కర్రలు మొదలైనవి ఇందులోకి వస్తాయి. వాద్యాలు కొనే చోట్లు, మరమ్మతు వసతులు, అభ్యాస గ్రంథాలు కూడా వాద్యకారునికి సామగ్రి వంటివే కనుక వాటిని కూడా ఈ వ్యాసంలో చేర్చడమైనది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు, 2022 ఏప్రిల్ 4న ఈ రెండింటి భాగాలతో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా ఈ వ్యాసపు పరిధి.

ఈ ప్రాంతంలో వీణకు బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి పుట్టినిల్లు. ఇత్తడి సామానుకు శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బూడితి పేరు పొందినది. ఈ రెండు పనితనాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే క్లారినెట్, ట్రంపెట్ వంటి బ్యాండు వాద్యాలు బయటి రాష్ట్రాల నుండి, వాటి విడిభాగాలలో కొన్ని విదేశాల నుండి రావలసినవే. అందువలన ఏ వస్తువు ఎక్కడ దొరుకుతుంది, ఏది ఎంతకాలం నిలుస్తుంది, ఏది ముందుగా తెప్పించి ఉంచుకోవాలి అనే విషయాలు ఇక్కడి వాద్యకారుల జీవనోపాధికి ముఖ్యమైనవి. బయానా పుచ్చుకున్న మేళం ముహూర్తపు రాత్రి ఒక్క రీడు లేక ఆగిపోతే, పోయేది ఆ పూట కూలి ఒక్కటే కాదు, వచ్చే ఏటి పిలుపు కూడా.

నేపథ్యం

తెలుగునాట మంగళవాద్యం అంటే మొదట సన్నాయి, డోలు. ఈ విద్యను తరతరాలుగా నాయీ బ్రాహ్మణులు పోషిస్తూ వచ్చారు. మన్యంలో ధింసా నృత్యానికి మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాయిస్తారు. మైదాన గ్రామాలలో డప్పులు, తప్పెటగుళ్ళు ప్రసిద్ధం. పాశ్చాత్య బ్యాండు వీటన్నిటి తరువాత వచ్చినది.

భారతదేశంలో బ్యాండు వాద్యాలు బ్రిటిషు సైనిక దళాలతో ప్రవేశించాయి. విజయనగరంలోని కంటోన్మెంటు ప్రాంతానికి ఆ పేరు నాటి సైనిక విడిది వలన వచ్చినదే. కాలక్రమాన ఈ వాద్యాలు కవాతు మైదానాన్ని దాటి పెళ్ళి ఊరేగింపులకు చేరాయి. సన్నాయి గుడిలోను, పెళ్ళి పీటల దగ్గర తన స్థానాన్ని నిలుపుకోగా, వీధిలో నడుస్తూ వాయించే పని బ్యాండుకు దక్కింది. నేటికీ చాలా పెళ్ళిళ్ళలో ఈ రెండు మేళాలూ ఉంటాయి. మాంగల్యధారణకు సన్నాయి, ఎదుర్కోలుకు, ఊరేగింపుకు బ్యాండు.

పెళ్ళి మేళాలు కాక ఈ ప్రాంతంలో కవాతు బ్యాండ్ల సంప్రదాయం కూడా ఉన్నది. విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాల 1962లో ప్రారంభమైనది. చింతలవలసలో ప్రత్యేక పోలీసు దళం 5వ పటాలం ఉన్నది. విశాఖపట్నం తూర్పు నౌకాదళ కేంద్రస్థానం. ఇటువంటి సంస్థల బ్యాండ్లలో పనిచేసి విశ్రాంతి పొందినవారు ఎక్కడ ఉంటే అక్కడ కొత్తవారికి ఉచితంగా దొరికే గురువులు వారే. సంకేతలిపి చదవడం, వాద్యాన్ని విప్పి శుభ్రపరచడం వంటి అలవాట్లు వారి వద్ద క్రమశిక్షణతో ఉంటాయి.

మేళంలోని వాద్యాలు

సాధారణంగా మేళంలో ఈ క్రింది వాద్యాలుంటాయి.

* క్లారినెట్: ఒంటి రీడు గల వాద్యం. 1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గులో యోహాన్ క్రిస్టాఫ్ డెన్నర్ దీనిని రూపొందించాడని చెబుతారు. పాటను నడిపించేది తరచు ఇదే.
* శాక్సోఫోన్: లోహంతో చేసినదైనా, రీడుతో పలుకుతుంది కనుక దీనిని కర్రవాద్యాల జాతిలోనే లెక్కిస్తారు. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ 1846లో దీనికి పేటెంటు పొందాడు.
* ట్రంపెట్: మూడు వాల్వులు గల ఇత్తడి వాద్యం. దీని గొట్టాన్ని చాచితే సుమారు 1.48 మీటర్లుంటుంది.
* యూఫోనియం: ట్రంపెట్‌కు దాదాపు రెట్టింపు పొడవు గొట్టం గల వాద్యం. అందువలన ఒక స్థాయి క్రింద పలుకుతుంది.
* సైడ్ డ్రమ్ము, బేస్ డ్రమ్ము, తాళాలు, మరకాసులు.

ఇత్తడి వాద్యాలలో రెండవ వాల్వు నొక్కితే స్వరం అర మెట్టు, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడవది నొక్కితే ఒకటిన్నర మెట్టు దిగుతుంది. నొక్కిన వాల్వు గాలిని అదనపు గొట్టంలోకి మళ్ళించడమే దీనికి కారణం. 1818లో జర్మనీలో స్టోల్జెల్, బ్లూమెల్ అనువారు వాల్వు పద్ధతికి పేటెంటు పొందిన తరువాతనే ఈ వాద్యాలపై అన్ని స్వరాలూ సులభంగా పలికే అవకాశం కలిగింది.

సన్నాయి నుండి క్లారినెట్‌కు మారేవారు ఒక భేదాన్ని గుర్తించాలి. సన్నాయి గొట్టం పైన సన్నగా, క్రింద వెడల్పుగా ఉంటుంది. బలంగా ఊదినప్పుడు అదే వ్రేళ్ళ పట్టుతో పై స్థాయి స్వరం వస్తుంది. క్లారినెట్ గొట్టం ఇంచుమించు ఒకే వెడల్పు గలది. పైకి దాటించినప్పుడు ఎనిమిదవ స్వరం బదులు పన్నెండవ స్వరం వస్తుంది. కనుక క్రింది స్థాయి పట్టు పై స్థాయికి పనికిరాదు. వాద్యంలో తప్పేమీ లేదు, దాని నిర్మాణమే అంత.

రీడ్లు

బ్యాండు సామగ్రిలో త్వరగా అరిగిపోయేది, ఎక్కువ సార్లు కొనవలసినది రీడు. ఇది అరుండో డోనాక్స్ అనే శాస్త్రీయ నామం గల రెల్లు జాతి మొక్క నుండి తయారగును. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతపు రెల్లు దీనికి ప్రసిద్ధి. పారిసులో 1905లో ప్రారంభమైన వాండోరెన్ సంస్థ రీడ్లు, అమెరికాకు చెందిన రికో పేరు గల రీడ్లు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి.

రీడు పెట్టెపై 1 నుండి 5 వరకు అంకెలు, మధ్యలో అర అంకెలు ఉంటాయి. అంకె పెరిగిన కొద్దీ రీడు గట్టిదని అర్థం. కొత్తగా నేర్చుకునేవారికి 2 లేదా 2½ సరిపోతుంది. ఒక సంస్థ 2½, మరొక సంస్థ 2½ సమానం కాకపోవచ్చు. గట్టి రీడు గొప్ప వాద్యకారునికి గుర్తు అనే అభిప్రాయం సరికాదు. నాలుగైదు గంటలు నడుస్తూ వాయించవలసిన ఊరేగింపులో మరీ గట్టి రీడు పెదవిని అలసింపజేసి, శ్రుతి దిగజారేటట్లు చేస్తుంది.

రీడు ఎక్కువకాలం నిలవడానికి ఈ క్రింది పద్ధతులు ఉపకరిస్తాయి.

* ఒకే రీడును అరిగేవరకు వాడక, మూడు నాలుగింటిని వంతుల వారీగా మార్చుకుంటూ వాడాలి.
* వాయించే ముందు ఒకటి రెండు నిమిషాలు మంచినీటిలో తడపాలి. పొడి రీడు అంచు సులభంగా చీలుతుంది.
* వాయించిన పిదప నీటితో కడిగి, తుడిచి, చదునైన పలకపై గాని, రీడు పెట్టెలో గాని ఆరనివ్వాలి. మౌత్‌పీసుకు బిగించి వదలివేస్తే రీడు వంకర పోవడమే కాక బూజు పడుతుంది.
* అంచు పెచ్చు ఊడిన రీడును ఊరేగింపుకు తీసికొనిపోరాదు.

సముద్రతీర మండలాలలో గాలిలో తేమ అధికం కనుక మూతబిగువు డబ్బాలో తడి రీడు ఉంచితే బూజు త్వరగా పడుతుంది. గాలి ఆడే పెట్టె మేలు. ఎండాకాలంలో లోపలి మండలాలలో దీనికి విరుద్ధంగా రీడు మరీ ఎండి అంచు అలలుగా లేస్తుంది. తడిపి, చదునైన గాజు పలకపై వ్రేలితో మెల్లగా అదిమితే చాలావరకు సర్దుకుంటుంది.

కెనడాకు చెందిన లెజేర్ వంటి సంస్థలు కృత్రిమ పదార్థంతో రీడ్లు తయారుచేస్తున్నాయి. ఒక్కొక్కటి రెల్లు రీడు కంటే అనేక రెట్లు ఖరీదు. కాని వీటిని తడపనక్కరలేదు, వాతావరణానికి మారవు. మేళంలో ప్రధాన క్లారినెట్ వాద్యకారుని వద్ద ఒకటి ఉంటే అత్యవసర వేళలో ఆదుకుంటుంది.

రీడును బిగించే లోహపు పట్టీని లిగేచరు అంటారు. దాని మర పోయినా, పట్టీ విరిగినా మేళం ఆపనక్కరలేదు. గట్టి నూలు దారాన్ని దగ్గర దగ్గరగా చుట్టి బిగిస్తే రీడు చక్కగా పలుకుతుంది. జర్మనీలో కొందరు వాద్యకారులు ఇప్పటికీ దారాన్నే వాడుతారు.

క్లారినెట్ సంరక్షణ

క్లారినెట్లను ఆఫ్రికా నల్లకర్రతోను, ఎబొనైటుతోను, ప్లాస్టిక్కుతోను చేస్తారు. కర్ర వాద్యం నాదం మెచ్చదగినదే అయినా ఎండలో, మంచులో, చినుకులలో వాయించే మేళానికి ఎబొనైటు లేదా ప్లాస్టిక్కు వాద్యమే అనుకూలం. కర్ర వాద్యాన్ని మిట్టమధ్యాహ్నం వాహనంలో వదలిన పక్షంలో పగుళ్ళు రావచ్చు.

మీటల క్రింద ఉండే మెత్తని బిళ్ళలను ప్యాడ్లు అంటారు. గాలి ఏ మాత్రం తప్పించుకోకుండా ఇవి రంధ్రాన్ని మూయాలి. విందు తరువాత నోరు పుక్కిలించకుండా వాయిస్తే తీపి జిడ్డు ప్యాడ్లకు పట్టి, మీట లేవకుండా అతుక్కుంటుంది. పలుచని కాగితాన్ని ప్యాడు క్రింద ఉంచి, మీట మెల్లగా మూసి, తెరచి తీస్తే జిడ్డు కాగితానికి వస్తుంది. భాగాలు కలిసే చోట ఉండే బెండు పట్టీకి కొద్దిగా గ్రీజు పూయాలి. వాయించిన ప్రతిసారి లోపలి తడిని గుడ్డ లాగి తుడవడం తప్పనిసరి.

ఇత్తడి వాద్యాల సంరక్షణ

వాల్వులకు పలుచని ఖనిజ తైలం, అనగా వాల్వు నూనె మాత్రమే వాడాలి. కొబ్బరినూనె, ఆవనూనె వంటివి కొద్దిరోజులలోనే జిగురుగా మారి వాల్వును పట్టేస్తాయి. కొబ్బరినూనె పైగా చలికి గడ్డకడుతుంది. మాఘమాసపు తెల్లవారుజామున వాల్వు కదలకపోవడానికి ఇది తరచు కారణం. శ్రుతి సరిచేసే గొట్టాలకు నూనె చాలదు, గ్రీజు కావాలి.

నెలకొకసారి వాల్వులను వరుసక్రమం గుర్తుంచుకొని బయటకు తీసి, గొట్టాన్ని గోరువెచ్చని సబ్బునీటితో కడగాలి. మరిగిన నీరు పోస్తే పై పూత లేస్తుంది. మూడు వాల్వులపై 1, 2, 3 అంకెలుంటాయి. ఒకదాని స్థానంలో మరొకటి అమర్చితే గాలి దారి మూసుకొనిపోయి వాద్యం పలకదు. బాగుచేయించడానికి పట్నం తీసికొనిపోయిన వాద్యాలలో కొన్నిటి జబ్బు ఇంతమాత్రమే.

ఇంట్లో ఇత్తడి బిందెలను చింతపండుతో తోమే అలవాటు కొద్దీ వాద్యాన్ని కూడా అలాగే తోమడం కద్దు. పూత గల వాద్యానికి ఇది హాని. పులుపు పూత అంచుల నుండి లోపలికి పోయి మచ్చలు చేస్తుంది. వాల్వుల దరికి పులుపు గాని, మెరుగు పొడి గాని చేరరాదు. ఉప్పుగాలి తగిలే తీర గ్రామాలలో వాయించిన వెంటనే మెత్తని పొడి గుడ్డతో తుడిచి, గుడ్డ సంచిలో పెట్టడమే మంచి సంరక్షణ.

మౌత్‌పీసు ఎవరిది వారికే ఉండాలి. ఒకరిది మరొకరు వాడితే జలుబు, గొంతు జబ్బులు, పెదవి పుండ్లు సంక్రమిస్తాయి. శుభ్రం చేయని గొట్టాలలో పెరిగే బూజును పీల్చడం వలన ఊపిరితిత్తుల వాపు కలిగిన ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. బ్రిటన్‌లో ఒక బ్యాగ్‌పైపు వాద్యకారుడు ఈ విధమైన వ్యాధితో మరణించగా, 2016లో ఆ విషయం ప్రచురితమైనది. విడవని పొడి దగ్గు, ఆయాసం గల వాద్యకారుడు వైద్యునికి తన వృత్తిని గూర్చి తప్పక చెప్పాలి.

డ్రమ్ములు

పూర్వం డ్రమ్ములకు తోలు మూతలుండేవి. 1950ల చివరినుండి పాలియెస్టర్ పొరతో చేసిన ప్లాస్టిక్కు మూతలు వ్యాప్తిలోకి వచ్చాయి. వీటికి వాన భయం లేదు. డప్పును గడ్డిమంటకు కాచి బిగువు తెచ్చే పద్ధతి తోలుకు మాత్రమే వర్తిస్తుంది. ప్లాస్టిక్కు మూతను మంట దరికి చేర్చరాదు. దాని బిగువు చుట్టూ ఉన్న మరలతోనే సరిచేయాలి. ఒక మరను బిగించిన పిదప ప్రక్కదానిని కాక ఎదుటిదానిని బిగిస్తూ పోతే మూత సమంగా నిలుస్తుంది.

సైడ్ డ్రమ్ము క్రింది మూతకు ఆనుకొని తీగల వరుస ఉంటుంది. దానినే స్నేరు అంటారు. డ్రమ్ముకు కరకరలాడే ధ్వని దీనివలననే వస్తుంది. క్రింది మూత పై మూత కంటే పలుచనిది కనుక, రెండిటికీ ఒకే రకం మూత కొని వేయడం పొరపాటు. బేస్ డ్రమ్మును మెడకు తాడుతో వ్రేలాడదీసే పాత పద్ధతి కంటే రెండు భుజాలపై బరువు పంచే పట్టీలు నడుముకు మేలు చేస్తాయి.

వాద్యాలు లభించే చోట్లు

దేశంలో బ్యాండు వాద్యాల తయారీకి ప్రధాన కేంద్రం ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అక్కడి జలీ కోఠీ వీధి దీనికి పేరు పొందినది. 1885లో ప్రారంభమైన నాదిర్ అలీ సంస్థ ఈ ఊరిదే. ట్రంపెట్లు, యూఫోనియాలు, బ్యూగిళ్ళు, డ్రమ్ములు ఇక్కడ తయారై దేశమంతటా చేరుతాయి. కలకత్తాలో లాల్‌బజారు సమీపాన రవీంద్ర సరణిలో వాద్యాల దుకాణాలు వరుసగా ఉన్నాయి. చెన్నై అన్నా సాలైలోని మ్యూసీ మ్యూజికల్ 1842 నాటిది. ముంబయిలో ఫుర్టాడోస్ 1865 నాటిది. రీడ్లు, మౌత్‌పీసుల వంటి విదేశీ వస్తువులకు ఇటువంటి పెద్ద దుకాణాలు నమ్మదగినవి.

హౌరా, చెన్నైల మధ్య రైలుమార్గంలో పలాస, శ్రీకాకుళం రోడ్డు (ఆమదాలవలస), విజయనగరం ఉండుట వలన ఉత్తరాన కలకత్తాకు, దక్షిణాన చెన్నైకి పోయి రావడం ఇక్కడివారికి సుకరం. చిన్న వస్తువులకు దగ్గరి పట్టణం విశాఖపట్నం. పెద్ద వాద్యాన్ని మాత్రం స్వయంగా పోయి, వాయించి చూసి కొనడమే ఉత్తమం. అంతర్జాలం ద్వారా కొనుట రీడ్లు, వాల్వు నూనె, కర్రల వంటి వాటికి చక్కగా పనికివస్తుంది.

పాత వాద్యాన్ని కొనేటప్పుడు పరీక్షించవలసినవి:

* ట్రంపెట్, యూఫోనియం: ఒక వాల్వుకు చెందిన గొట్టాన్ని ఆ వాల్వు నొక్కకుండా బయటకు లాగి, ఆపై వాల్వు నొక్కితే "టప్" మని శబ్దం రావాలి. రాకపోతే వాల్వు అరిగి గాలి కారుతున్నదని గుర్తు.
* క్లారినెట్: ఒక్కొక్క భాగానికి రంధ్రాలన్నీ మూసి, క్రింది కొనను అరచేతితో మూసి, పై కొనను నోటితో పీల్చాలి. పీల్పు కొద్ది క్షణాలు నిలవాలి. నిలవకపోతే ప్యాడ్లు మార్చవలసి ఉంటుంది.
* అతుకుల వద్ద పచ్చని చిలుము, లోపలివైపు ఎర్రని మచ్చలు ఉంటే లోహం తినబడుతున్నదని అర్థం.
* శ్రుతి యంత్రం ఎదుట క్రింది స్థాయి, పై స్థాయి స్వరాలు రెండూ చూడాలి. నొక్కులు సరిచేయవచ్చును గాని, నిర్మాణంలోని అపశ్రుతి పోదు.

మరమ్మతు

నొక్కును తీయడానికి గొట్టం లోపలి వంపుకు సరిపోయే ఉక్కు గుండు లేదా కడ్డీ కావాలి. బయటినుండి సుత్తితో కొడితే లోహం సాగి వాద్యం పాడవుతుంది. పాత్రలు చేసే నిపుణులు లోహం తెలిసినవారైనా, వాద్యపు పలుచని గొట్టానికి తగిన పనిముట్లు వారి వద్ద ఉంటేనే ఆ పని అప్పగించాలి. తెగిన అతుకుకు తక్కువ వేడితో కరిగే టంకం చాలును. ఎక్కువ వేడి తగిలితే ప్రక్క అతుకులు కూడా విడిపోతాయి. తోలు మూతలను మృదంగం, డోలు, తబలా మూసేవారు వేయగలరు.

సంవత్సరపు క్రమం

మేళం పని పంచాంగాన్ని అనుసరించి సాగుతుంది. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో ముహూర్తాలు మెండు. శ్రావణంలో కొన్ని. విజయనగరంలో విజయదశమి తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దాని ముందురోజు తొలేళ్ళ ఉత్సవం, అరసవల్లి రథసప్తమి, పల్లెల్లో అమ్మవారి పండుగలు ఊరేగింపుల కాలాలు. ఆషాఢం, భాద్రపదంలోని పితృపక్షం, పుష్యమాసం, మూఢం రోజులు పెళ్ళి పని లేని కాలాలు.

వాద్యాలను మరమ్మతుకు పంపడానికి, ప్యాడ్లు మార్పించడానికి, రీడ్ల పెట్టెలు తెప్పించడానికి ఆషాఢం అనువైనది. మాఘమాసానికి ముందు పుష్యంలో రెండవ పరిశీలన జరపాలి. ముహూర్తాల నడుమ వస్తువు కోసం వెదకితే ధరా ఎక్కువ, నాణ్యతా తక్కువ.

ఊరేగింపుకు బయలుదేరే మేళం పెట్టెలో కనీసం ఉండవలసినవి:

* వాయించి చూసిన రీడ్లు నాలుగు, అదనపు లిగేచరు లేదా నూలు దారం
* వాల్వు నూనె, గ్రీజు, మెత్తని గుడ్డలు
* రెండు మూడు ప్యాడ్లు, చిన్న మరల త్రిప్పు, సన్నని రబ్బరు చుట్లు (విరిగిన స్ప్రింగు బదులు మీటను పట్టి ఉంచడానికి)
* డ్రమ్ము మూత ఒకటి, కర్రల జత, మరల తాళం
* చెవులలో పెట్టుకునే బిరడాలు
* వాన వస్తే కప్పడానికి ప్లాస్టిక్కు పట్టా

శ్రుతి, అభ్యాస వనరులు

మేళంలో వాడే క్లారినెట్, ట్రంపెట్ సాధారణంగా బి-ఫ్లాట్ వాద్యాలు. వాటిపై "సి" అని వ్రాసిన స్వరాన్ని వాయిస్తే హార్మోనియంపై బి-ఫ్లాట్, అనగా ఆరున్నర శ్రుతి పలుకుతుంది. సన్నాయితోను, గాయకులతోను కలిసి వాయించేటప్పుడు ఈ భేదం తెలియకపోతే శ్రుతి కలవదు. కావలసిన శ్రుతికి ఒక మెట్టు పైన వ్రాసుకొని వాయించడమే సూత్రం.

* ఒకటి శ్రుతికి (సి) క్లారినెట్‌పై "డి" షడ్జమం
* రెండు శ్రుతికి (డి) "ఇ" షడ్జమం
* రెండున్నర శ్రుతికి (ఇ-ఫ్లాట్) "ఎఫ్" షడ్జమం
* నాలుగు శ్రుతికి (ఎఫ్) "జి" షడ్జమం
* అయిదు శ్రుతికి (జి) "ఎ" షడ్జమం

మేళాలలో విద్య ఎక్కువగా చెవి ద్వారానే సాగుతుంది. సినిమా పాటను రెండుమూడుసార్లు విని వాయించగల సామర్థ్యం చిన్నది కాదు. దానికి సంకేతలిపి జ్ఞానం తోడైతే సైనిక, పోలీసు, పాఠశాల బ్యాండ్లలో ఉద్యోగావకాశాలకు తోడ్పడుతుంది. 1864లో వెలువడిన అర్బాన్ రచించిన కార్నెట్ అభ్యాస గ్రంథం ట్రంపెట్, యూఫోనియం వారికి, 1843 నాటి క్లోజె గ్రంథం క్లారినెట్ వారికి నేటికీ ప్రామాణికాలు. వీటికి గ్రంథస్వామ్య కాలం ముగిసినది. 2006లో మొదలైన ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అనే అంతర్జాల గ్రంథాలయంలో ఇటువంటి గ్రంథాలు ఉచితంగా లభిస్తాయి. మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత సాఫ్టువేరుతో పాటను వ్రాసుకొని, ఒక్కొక్క వాద్యానికి తగిన శ్రుతికి మార్చుకొనవచ్చును.

రాగ, తాళ జ్ఞానానికి విజయనగరంలోని మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నది. 1919లో స్థాపితమైన ఈ కళాశాలకు తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ద్వారం వేంకటస్వామినాయుడు ఆ పదవిని అలంకరించారు. వయొలిన్ కూడా బ్యాండు వాద్యాల వలె పడమటి దేశాల నుండి వచ్చినదే. ద్వారం వంటివారి సాధన వలన అది మన వాద్యమైనది.

వినికిడి రక్షణ

డ్రమ్ముకు, ట్రంపెట్‌కు దగ్గరగా నిలిచి వాయించేవారికి ఏళ్ళు గడిచేకొద్దీ వినికిడి తగ్గే ప్రమాదమున్నది. అమెరికాకు చెందిన వృత్తి ఆరోగ్య సంస్థ 1998లో చేసిన సూచన ప్రకారం 85 డెసిబెళ్ళ ధ్వనిలో రోజుకు 8 గంటలు మించి ఉండరాదు. ధ్వని 3 డెసిబెళ్ళు పెరిగిన ప్రతిసారి ఆ కాలం సగమవుతుంది. అనగా 94 డెసిబెళ్ళ వద్ద ఒక గంట మాత్రమే. చెవి బిరడాలు వెల తక్కువ వస్తువులు. వినికిడి పోయిన వాద్యకారునికి విద్య ఉండి కూడా ఉపయోగం ఉండదు.

చట్టములు, ప్రభుత్వ సహాయం

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. 2010 సవరణ ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు మూసిన ఆవరణలలో తప్ప సంగీత వాద్యాలు వాయించడం నిషిద్ధం. సాంస్కృతిక, మత ఉత్సవాల సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం సంవత్సరంలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 గంటల వరకు సడలింపు ఇవ్వవచ్చు. రాత్రి ముహూర్తానికి ఒప్పుకునేటప్పుడు ఊరేగింపు వేళను ముందుగానే మాట్లాడుకోవడం మంచిది.

పెళ్ళి ఊరేగింపులో సినిమా పాటలు వాయించడానికి అనుమతి రుసుము చెల్లించాలా అనే ప్రశ్న తరచు వస్తుంది. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టం 52వ సెక్షనులో మతపరమైన వేడుకలకు మినహాయింపు ఉన్నది. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా ఇందులోకి వస్తాయని ఆ చట్టమే వివరించింది. 2023 జులైలో కేంద్రప్రభుత్వం ఈ విషయాన్ని మరల స్పష్టం చేసింది.

అసంఘటిత కార్మికుల నమోదుకై 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్‌లో వాద్యకారులు పేరు నమోదు చేసికొనవచ్చు. వాద్యాల కొనుగోలుకు ముద్రా ఋణం కోసం బ్యాంకును అడగవచ్చు. 2015లో మొదలైన ఈ పథకంలో శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వరకు ఇస్తారు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో క్షౌరవృత్తి ఉన్నది గాని, వాద్యవృత్తి లేదు. రాష్ట్ర ప్రభుత్వ పింఛన్లలో డప్పు కళాకారులకు ప్రత్యేక విభాగమున్నది. 2024 జులై నుండి దీని మొత్తం నెలకు 4,000 రూపాయలు.

ప్రస్తుత పరిస్థితి

పెద్ద స్పీకర్లతో కూడిన డీజే వాహనాలు వచ్చిన తరువాత ఊరేగింపులలో బ్యాండుకు గిరాకీ తగ్గింది. కొన్ని మేళాలు కీబోర్డును, మైకును బండిపై ఎక్కించి ఈ పోటీని ఎదుర్కొంటున్నాయి. ఈ మార్పులో ముందుగా నష్టపోయేవి ట్రంపెట్, యూఫోనియం వంటి వాద్యాలు. వాయించేవారు తగ్గితే విడిభాగాలు తెప్పించే దుకాణం తగ్గుతుంది, దుకాణం తగ్గితే మరమ్మతు తెలిసినవారు తగ్గుతారు, అప్పుడు మంచి వాద్యం కూడా అటక మీదికి చేరుతుంది. ఒక ప్రాంతపు మేళాలు నాలుగైదు కలిసి రీడ్లు, మూతలు, ప్యాడ్లు ఒకేసారి తెప్పించుకుంటే రవాణా ఖర్చు తగ్గుతుంది. యువకులలో ఒకరినైనా మరమ్మతు పని నేర్చుకొనుటకు మీరట్ వంటి చోటికి పంపగలిగితే ఆ లాభం మేళాలన్నిటికీ చేరుతుంది. పాఠశాలల అటకలపై మూలబడిన డ్రమ్ములు, బ్యూగిళ్ళలో చాలావాటికి కావలసినది ఒక కొత్త మూత, కొంచెం టంకం మాత్రమే.

ఇవి కూడా చూడండి

* నాదస్వరం
* డప్పు
* తప్పెటగుళ్ళు
* ధింసా నృత్యం
* బొబ్బిలి వీణ
* పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం